కొలరాడో నదిలో చేపల లెక్క ఎవరిది?

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, వాయవ్య మూలన, రాంజ్లీ అనే చిన్న ఊరుంది. దాని పక్కనుంచే వైట్ నది పారుతుంది. అక్కడి నీళ్లలో కొలరాడో పైక్‌మిన్నో అనే చేప బతుకుతోంది. మిన్నో జాతి చేపల్లో ఉత్తర అమెరికాలో ఇదే అన్నిటికన్నా పెద్దది. పూర్వం ఆరడుగుల పొడవు, 36 కిలోల బరువు దాకా పెరిగేదని చెబుతారు. ఇప్పుడు అంత పెద్దవి కనబడవు. 1967లో అమెరికా ప్రభుత్వం అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల మొదటి జాబితా వేసినప్పుడే ఈ చేప పేరు అందులో చేరింది.

గుడ్లు పెట్టే కాలం దగ్గరపడగానే వైట్ నదిలోని పైక్‌మిన్నో బయలుదేరుతుంది. నది వెంట దిగువకు ఈది యూటా రాష్ట్రంలోకి వెళుతుంది. దారిలో యూట్ తెగ వారి భూములు దాటుతుంది. యూరే అనే ఊరి దగ్గర, కొలరాడో నదికి ఉపనది అయిన గ్రీన్ నదిలోకి చేరి, కేంద్ర ప్రభుత్వపు వన్యప్రాణి రక్షిత ప్రాంతం గుండా ఎదురీదుతుంది. ఆ పైన డైనోసార్ జాతీయ స్మారక ప్రాంతపు లోయల్లోకి వెళ్లి, మళ్లీ కొలరాడోలో అడుగుపెట్టి, యాంపా నది లోయలో ఒక గులకరాళ్ల మేట మీద గుడ్లు పెడుతుంది. ఒకవైపు ప్రయాణమే 300 కిలోమీటర్లు దాటవచ్చు. తర్వాత వచ్చిన దారినే తిరిగి వెళుతుంది. గుడ్ల నుంచి వచ్చిన లార్వాలు మాత్రం ప్రవాహంలో కొట్టుకుపోయి, వంద కిలోమీటర్లకు పైగా దిగువన యూటాలోని నిలకడ నీటి మడుగుల్లో పెరుగుతాయి.

ఇప్పుడు ఈ చేప ఎవరిది? తల్లి బతికేది కొలరాడోలో, పిల్ల పెరిగేది యూటాలో. గుడ్లు పెట్టే చోటు నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉంది. మధ్య దారిలో కొంత తెగ ప్రభుత్వానిది, కొంత ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్‌ది. డ్యామ్ నుంచి నీళ్లు ఎప్పుడు ఎన్ని వదలాలో చూసేది బ్యూరో ఆఫ్ రిక్లమేషన్. ఆ నీళ్లతో తయారైన కరెంటును అమ్మేది వెస్టర్న్ ఏరియా పవర్ అడ్మినిస్ట్రేషన్ అనే మరో కేంద్ర సంస్థ. వీటిలో ఏ ఒక్కటి తన హద్దులోపల ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టినా, ఆ చేప బతుకులో ఒక ముక్క మాత్రమే దొరుకుతుంది.

చేపల్ని పట్టుకోవడం కష్టమైన పనే, కానీ అసలు చిక్కు అది కాదని నేను నమ్ముతాను. ఇంతమంది ఒకే పద్ధతిలో, ఒకే సమయంలో, ఒకే లెక్కలోకి పట్టుకోవడమే అసలు చిక్కు. దాన్ని అక్కడివాళ్లు దశాబ్దాల తరబడి ఎలా విప్పుకుంటూ వస్తున్నారో చెప్పడానికే ఈ వ్యాసం.

విషం పోసిన చేతులే సంతకం పెట్టాయి

కొంచెం వెనక్కి వెళ్లాలి. గ్రీన్ నది మీద ఫ్లేమింగ్ గార్జ్ డ్యామ్ కడుతున్న రోజులవి. కొత్త జలాశయంలో ట్రౌట్ చేపలు పెంచి, సరదాగా గాలం వేసేవాళ్లకు అందుబాటులో ఉంచాలని అనుకున్నారు. నదిలో అప్పటికే ఉన్న స్థానిక చేపలు వాళ్ల దృష్టిలో పనికిరాని చేపలు. అందుకని 1962 సెప్టెంబరులో గ్రీన్ నదిలోనూ దాని ఉపనదుల్లోనూ సుమారు 700 కిలోమీటర్ల మేర రోటెనోన్ అనే విషం వదిలారు. ఆ పని చేసినవి యూటా, వయోమింగ్ రాష్ట్రాల వన్యప్రాణి శాఖలే. కేంద్రం అండ కూడా ఉంది. విషాన్ని దిగువన ఒకచోట పొటాషియం పర్మాంగనేట్‌తో విరిచేస్తామన్నారు. అది పూర్తిగా పనిచేయలేదు. విషం డైనోసార్ లోయల్లోకీ దిగింది. కార్ల్ హబ్స్, రాబర్ట్ రష్ మిల్లర్ వంటి చేపల శాస్త్రవేత్తలు ముందే వద్దని మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

నిజానికి ఆ విషం కన్నా ఎక్కువ నష్టం తర్వాత వచ్చిన డ్యామ్‌లే చేశాయి. ఎండాకాలంలో గోరువెచ్చగా, వరద రోజుల్లో ఎర్రగా బురదతో ఉరికే నది కాస్తా, జలాశయం అడుగు నుంచి వచ్చే చల్లటి తేట నీళ్ల కాలువలా మారింది. వరదలు తగ్గడంతో పిల్లలు పెరిగే పల్లపు మడుగుల్లోకి నీళ్లు ఎక్కడం మానేశాయి. పైగా స్మాల్‌మౌత్ బాస్, నార్తర్న్ పైక్, వాలై వంటి బయటి నుంచి తెచ్చిన వేటాడే చేపలు పెరిగి స్థానిక చేపల పిల్లల్ని తినేయసాగాయి.

పైక్‌మిన్నోతో పాటు ఇంకో మూడు చేపలు ఇదే దెబ్బ తిన్నాయి. హంప్‌బ్యాక్ చబ్‌కు తల వెనక ఎద్దు మూపురంలాంటి గుబ్బ ఉంటుంది. ఇది కూడా 1967 జాబితాలోనే ఉంది. బోనీటెయిల్ 1980లో చేరింది. వీపు మీద కత్తి అంచులాంటి ఎముక ఉన్న రేజర్‌బ్యాక్ సక్కర్‌ను 1991లో చేర్చారు. ప్రపంచంలో కొలరాడో నదీ వ్యవస్థలో తప్ప ఇంకెక్కడా లేని చేపలివి.

1973లో వచ్చిన అంతరించే జీవుల రక్షణ చట్టం చాలా గట్టిది. జాబితాలో ఉన్న జీవికి ముప్పు తెచ్చే ఏ ప్రాజెక్టుకూ కేంద్ర ప్రభుత్వం అనుమతి, డబ్బు ఇవ్వడానికి వీల్లేదు. కొలరాడో ఎగువ నదిలో కొత్త కాలువ తవ్వాలన్నా, ఉన్న పంపును పెద్దది చేయాలన్నా ఈ నాలుగు చేపల ప్రశ్న ఎదురయ్యేది. ఎడారి రాష్ట్రాల్లో నీళ్లంటే ప్రాణం. గొడవ కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచే పరిస్థితి వచ్చింది. దాన్ని తప్పించడానికే 1988 జనవరిలో కేంద్ర ఇంటీరియర్ మంత్రి, కొలరాడో, యూటా, వయోమింగ్ గవర్నర్లు, వెస్టర్న్ ఏరియా పవర్ అధిపతి ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. ఎగువ కొలరాడో చేపల పునరుద్ధరణ కార్యక్రమం అలా పుట్టింది. నీటి వాడకందారుల సంఘాలు, పర్యావరణ సంస్థలు, కరెంటు కొనేవాళ్లు కూడా ఇందులో భాగస్వాములే. శాన్ వాన్ నదికి 1992లో ఇలాంటిదే ఇంకో కార్యక్రమం మొదలైంది. అందులో న్యూ మెక్సికో, కొలరాడోలతో పాటు నవాహో, హికరియా అపాచీ, సదరన్ యూట్, యూట్ మౌంటెన్ యూట్ తెగల ప్రభుత్వాలు ఉన్నాయి.

విషం పోసిన 26 ఏళ్ల తర్వాత అవే రాష్ట్రాలు ఆ చేపల్ని బతికిస్తామని సంతకం పెట్టడం నాకు చాలా పెద్ద విషయంగా తోస్తుంది. అయితే ఈ ఒప్పందంలో ఒక మెలిక ఉంది. చేపలు కోలుకునే దారిలో ఉన్నంతకాలం నీటి ప్రాజెక్టులకు అనుమతులు సాగుతాయి. ఇప్పటికి 2,000కు పైగా ప్రాజెక్టులు ఈ గొడుగు కిందే నడుస్తున్నాయి. కోలుకుంటున్నాయా లేదా అని తేల్చేది చేపల లెక్క. అంటే ఆ లెక్క మీద రైతు తోట, నగరం కుళాయి, కరెంటు బిల్లు, చేప ప్రాణం అన్నీ ఆధారపడి ఉన్నాయి. అలాంటి అంకెను ఒక్కరే లెక్కపెట్టి చెబితే మిగతావాళ్లు ఎందుకు నమ్మాలి?

రెండు చేపల తేడా

మొదట్లో పద్ధతి తేలికగా ఉండేది. 1986లో అన్ని శాఖలూ కలిసి ఒక ఉమ్మడి పరిశీలన పద్ధతిని మొదలుపెట్టాయి. వసంతంలో ఎలక్ట్రోఫిషింగ్ పడవ మీద నది వెంట వెళ్లి, గంటకు ఎన్ని పెద్ద చేపలు దొరికాయో రాసుకునేవారు. ఆకురాలే కాలంలో మడుగుల్లో వల లాగి, ఆ ఏడాది పుట్టిన పిల్లలెన్నో చూసేవారు. ఎలక్ట్రోఫిషింగ్ అంటే పడవ ముందు వేలాడే ఎలక్ట్రోడ్లతో నీళ్లలోకి విద్యుత్తు పంపడం. దగ్గర్లో ఉన్న చేప కాసేపు తిమ్మిరెక్కి తేలుతుంది. చేతివలతో అందుకుని నీళ్ల తొట్టెలో వేస్తారు. కొలతలు తీసుకుని తిరిగి వదిలేస్తారు.

గంటకు ఇన్ని చేపలు అనే లెక్కలో ఒక లోపం ఉంది. నిరుడు గంటకు రెండు దొరికి ఈ ఏడాది ఒకటే దొరికితే, చేపలు సగానికి తగ్గాయనుకోవచ్చా? నీళ్లు ఎక్కువై చేపలు చెదిరిపోయి ఉండొచ్చు. బురద ఎక్కువై తేలిన చేప కంటికి ఆనకపోయి ఉండొచ్చు. పడవ నడిపేవాడు కొత్తవాడై ఉండొచ్చు. దొరికిన చేపల సంఖ్య మారినంత మాత్రాన ఉన్న చేపల సంఖ్య మారిందని చెప్పలేం. అందుకే 2000 ప్రాంతంలో పెద్ద చేపల విషయంలో పద్ధతి మార్చారు. పట్టి, గుర్తు పెట్టి, వదిలి, మళ్లీ పట్టే పద్ధతికి వెళ్లారు.

దాని లెక్క చాలా సులువు. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. మొదటి విడతలో 200 చేపల్ని పట్టి గుర్తు పెట్టి వదిలారు. కొన్ని రోజుల తర్వాత రెండో విడతలో 150 చేపలు దొరికాయి. వాటిలో 10 చేపలకు ముందే గుర్తుంది. అంటే దొరికినవాటిలో పదిహేనింట ఒకటి గుర్తున్నది. నది మొత్తంలోనూ అదే పాళ్లు ఉంటే, 200 గుర్తు చేపలు మొత్తంలో పదిహేనో వంతు. కాబట్టి నదిలో ఉన్నవి 3,000.

ఇక్కడ కాస్త ఆగి చూడండి. రెండో విడతలో గుర్తున్న చేపలు 10 బదులు 12 దొరికి ఉంటే జవాబు 2,500. ఎనిమిదే దొరికి ఉంటే 3,750. అటు రెండు చేపలు, ఇటు రెండు చేపలు, అంతే. 2002లో ఖరారు చేసిన పునరుద్ధరణ లక్ష్యాల్లో గ్రీన్ నదీ వ్యవస్థకు పెట్టిన గీత 2,600 పెద్ద పైక్‌మిన్నోలు. నా ఉదాహరణలో ఆ గీతకు పైన ఉన్నామా కింద ఉన్నామా అనేది ఆ రెండు చేపల మీదే తేలుతోంది. అందుకే శాస్త్రవేత్తలు ఒక్క అంకె చెప్పి ఊరుకోరు. ఇంత నుంచి ఇంత లోపల ఉండవచ్చని ఒక పరిధి చెబుతారు. అసలు పనిలో రెండు విడతలతో ఆగకుండా మూడు నాలుగు విడతలు తిరిగి, లెక్కను ఇంకా పకడ్బందీగా చేస్తారు. కానీ లోపలి తర్కం ఇదే.

ఇంకొకటి గమనించాలి. ఈ లెక్కలో జరిగే పొరపాట్లు చాలావరకు ఒకే వైపు మొగ్గుతాయి. ఒక బృందం తొందరలో ఉండి గుర్తున్న రెండు చేపల్ని స్కాన్ చేయకుండా కొత్తవిగా రాసేసిందనుకోండి. గుర్తున్నవి తక్కువ కనబడతాయి, చేపల సంఖ్య ఎక్కువ వస్తుంది. గుర్తు పెట్టిన చేపలు హద్దు దాటి పక్క రాష్ట్రంలోకి వెళ్లిపోయినా అంతే. పట్టుకున్నప్పుడు తగిలిన దెబ్బకు కొన్ని చనిపోయినా అంతే. నిర్లక్ష్యం ఎక్కడ జరిగినా చేపలు బాగానే ఉన్నాయనే కబురు వస్తుంది. ఒక జీవి అంతరించే దశలో ఉన్నప్పుడు ఇంతకన్నా ప్రమాదకరమైన తప్పు ఉండదు.

ఈ లెక్కను నమ్మాలంటే విడతల మధ్య చేపలు ఆ ప్రాంతం వదిలి పోకూడదు, బయటి నుంచి రాకూడదు. మొదట చెప్పిన వైట్ నది చేప గుర్తుందా? వేసవిలో అది ప్రయాణంలో ఉంటుంది. అందుకని అది కదలకముందే, వసంతంలోనే పని ముగించాలి. యాంపా, వైట్, మధ్య గ్రీన్, డెసొలేషన్ గ్రే లోయలు, దిగువ గ్రీన్ అని నదిని ఐదు భాగాలు చేశారు. రాష్ట్రాల శాఖల బృందాలు, కేంద్ర సంస్థ బృందం వాటిని పంచుకుని దాదాపు ఒకే సమయంలో దిగుతాయి. ఒక్క బృందం తమ బడ్జెట్ ఆలస్యమైందనో, పడవ ఇంజిన్ పాడైందనో రెండు వారాలు వెనకపడితే మొత్తం అంచనాకే చిల్లు పడుతుంది. వరుసగా మూడేళ్లు ఇలా పట్టి, తర్వాత రెండేళ్లు ఆపుతారు. వరుసగా మూడేళ్ల లెక్క ఉంటే ఎన్ని చేపలున్నాయో తెలియడమే కాదు, ఏడాదికి ఎన్ని బతికి బయటపడుతున్నాయో కూడా తెలుస్తుంది. రెండేళ్లు ఆపడం ఖర్చు కలిసిరావడానికి, చేపలకు ఊపిరి పీల్చుకునే సమయం ఇవ్వడానికి. విద్యుత్తు తగిలినప్పుడు ఒక్కోసారి చేప వెన్నెముక దెబ్బతింటుంది. కాపాడటానికి వెళ్లినవాళ్లు గాయపరిచే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ప్రతి బృందం కేంద్రం నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలనే నియమం అందుకే ఉంది.

హద్దు రేఖకు అటూ ఇటూ

హంప్‌బ్యాక్ చబ్ కథలో ఈ సహకారం ఎంత అవసరమో ఇంకా బాగా తెలుస్తుంది. పైక్‌మిన్నోలా ఇది దూరాలు తిరగదు. లోతైన రాతి లోయల్లో, సుడులు తిరిగే నీళ్లలో ఒకేచోట ఉంటుంది. కొలరాడో నది మీద బ్లాక్ రాక్స్ అనే చిన్న లోయ ఉంది, కొలరాడో రాష్ట్రంలో. దాని దిగువన ఇరవై కిలోమీటర్ల లోపే వెస్ట్‌వాటర్ లోయ ఉంది, యూటాలో. మధ్యలో రాష్ట్రాల హద్దు. బ్లాక్ రాక్స్‌లో ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ వాళ్ల గ్రాండ్ జంక్షన్ బృందం వలలు వేస్తుంది. వెస్ట్‌వాటర్‌లో యూటా వన్యప్రాణి శాఖవాళ్ల మోయబ్ బృందం వేస్తుంది.

చబ్‌లు చాలావరకు ఎక్కడివక్కడే ఉన్నా, కొన్ని మాత్రం ఈ రెండు లోయల మధ్య రాకపోకలు సాగిస్తాయి. రెండు బృందాలూ ఎవరి పుస్తకంలో వాళ్లు రాసుకున్నాయనుకుందాం. బ్లాక్ రాక్స్‌లో గుర్తు పెట్టిన చేప దిగువకు వెళ్లిపోతే, పైవాళ్ల లెక్కలో అది చచ్చిపోయినట్టే. కిందివాళ్ల లెక్కలో అదే చేప కొత్తగా వచ్చిన చేప. ఒక చేప ఊరు మారితే ఒకచోట చావు, ఇంకోచోట పుట్టుక నమోదవుతాయి. రెండు బృందాలూ ఒకే ఏడాది, దగ్గర దగ్గర రోజుల్లో పనిచేసి, ఒకరి గుర్తుల్ని ఒకరు చదవగలిగితేనే అది చావు కాదు, ప్రయాణం అని తెలుస్తుంది.

ఆ గుర్తే పిట్ ట్యాగ్. బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దదిగా, పన్నెండు మిల్లీమీటర్ల పొడవున్న గాజు గొట్టం. లోపల చిన్న చిప్, తీగచుట్ట ఉంటాయి. బ్యాటరీ ఉండదు. స్కానర్ దగ్గరికి తెచ్చినప్పుడు దాని నుంచి వచ్చే శక్తితోనే మేల్కొని తన నంబరు చెబుతుంది. కాబట్టి చేప బతికినన్నాళ్లూ పనిచేస్తుంది. నలభై ఏళ్లు బతికే చేపలకు ఇలాంటిదే కావాలి.

అయితే చేప నలభై ఏళ్లు బతుకుతుంది కానీ టెక్నాలజీ బతకదు. 1990ల్లో వేసిన ట్యాగ్‌లు 400 కిలోహెర్ట్జ్‌వి. తర్వాత అందరూ 134 కిలోహెర్ట్జ్‌కు మారారు. కొత్త స్కానర్ పాత ట్యాగ్‌ను చదవలేదు. పాత స్కానర్లు మూలన పడేస్తే, పాతికేళ్ల కిందట గుర్తు పెట్టిన ముసలి చేప చేతికి దొరికినా కొత్త చేపలాగే కనిపిస్తుంది. దాని చరిత్రంతా పోతుంది. అందుకని మార్పు జరిగిన ఏళ్లలో రెండు రకాల స్కానర్లూ పడవలో ఉండాల్సి వచ్చింది. పాత ట్యాగ్ ఉన్న చేపకు కొత్తది కూడా వేసి, రెండు నంబర్లూ పక్కపక్కన రాయాలి. నంబర్లను చేత్తో రాసుకున్న కాలంలో ఇంకో బాధ. అంకెలూ ఇంగ్లిష్ అక్షరాలూ కలిసిన కోడ్ అది. తడి చేతులతో, ఊగే పడవలో రాసినప్పుడు ఎనిమిది బీ అయిపోతుంది, సున్నా డీ అయిపోతుంది. అంతే, ఒక చేప తప్పిపోయినట్టే.

ఇన్ని శాఖల దగ్గర ఇన్ని ఫైళ్లు ఉంటే పని జరగదని, ఎగువ కొలరాడో, శాన్ వాన్ కార్యక్రమాలు రెండూ కలిసి స్ట్రీమ్స్ అనే ఉమ్మడి డేటాబేస్‌ను పెట్టుకున్నాయి. హ్యాచరీలో, అంటే చేపపిల్లల్ని పెంచే కేంద్రంలో, పెంచి వదిలిన చేప అయినా, లోయలో వలకు చిక్కిన చేప అయినా దాని నంబరు అక్కడికి చేరాలి. ఎవరు పట్టారు, ఏ రోజు, నది ముఖద్వారం నుంచి ఎన్నో మైలు దగ్గర, పొడవెంత, బరువెంత అనేవన్నీ ఒకే తీరులో ఉండాలి. పొడవు అంటే తోక చివరిదాకానా, తోక చీలికదాకానా అనేది కూడా ముందే ఒప్పుకోవాలి. వినడానికి చిన్న విషయం. కానీ ఒక శాఖ ఒకలా, ఇంకో శాఖ ఇంకోలా కొలిస్తే ఒకే చేప ఏడాదిలో కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది. సహకారం అంటే పెద్ద పెద్ద సమావేశాలని అనుకుంటాం. చాలావరకు అది ఇలాంటి తోక కొలతల మీద కుదిరే ఒప్పందమే.

ఇప్పుడు నది అడుగున, చేపలు అడ్డుకట్టలు దాటేందుకు కట్టిన చేపల నిచ్చెనల దగ్గర యాంటెన్నాలు పెడుతున్నారు. చేప దాని మీదుగా ఈదితే చాలు, ఎవరూ ముట్టుకోకుండానే నంబరు నమోదవుతుంది. పడవలకు ఎన్నడూ చిక్కని చేపలు కూడా వీటికి దొరుకుతున్నాయి. ఇది నిజంగా గొప్ప మేలు. దీనిలోనూ ఒక చిక్కుంది. చేప చచ్చి కుళ్లిపోయినా గాజు ట్యాగ్ ఇసుకలో మిగిలే ఉంటుంది. ఎక్కడికైనా తీసుకెళ్లే యాంటెన్నాను దాని మీద పెడితే బతికున్న చేపలాగే జవాబిస్తుంది. కదలకుండా ఒకేచోట నెలల తరబడి పలికే నంబర్లను అనుమానంతో చూడాలి. ట్యాగ్ లేని చేప యాంటెన్నాకు అసలు కనబడనే కనబడదు. కాబట్టి యాంటెన్నాలు వచ్చాక పడవలు మానేద్దాం అనేవాళ్లతో నేను ఏకీభవించలేను.

చబ్ విషయంలో ఇంత శ్రమకూ ఫలితం కనిపించింది. గ్రాండ్ కాన్యన్‌లో, లిటిల్ కొలరాడో నది కలిసే చోట, దాదాపు 12,000 పెద్ద చేపలున్నాయని అంచనా వచ్చింది. ఎగువ లోయల్లో గుంపులు చిన్నవే అయినా నిలదొక్కుకున్నాయి. 2021లో హంప్‌బ్యాక్ చబ్‌ను అంతరించే ప్రమాదం ఉన్న జాబితా నుంచి ఒక మెట్టు తగ్గించి, ముప్పు పొంచి ఉన్న జీవిగా మార్చారు. దశాబ్దాల లెక్క లేకపోతే ఆ నిర్ణయం కోర్టులో నిలబడేది కాదు. అయినా నిశ్చింతగా ఉండే వీల్లేదు. మరుసటి ఏడాదే, 2022లో, జలాశయం మట్టం పడిపోయి నీళ్లు వేడెక్కడంతో, గ్లెన్ కాన్యన్ డ్యామ్ దిగువన స్మాల్‌మౌత్ బాస్ పిల్లలు పెడుతున్నట్టు తేలింది. గ్రాండ్ కాన్యన్‌కు అది పై గుమ్మం.

పెద్దవి ఉన్నాయి, పిల్లలేవీ?

పైక్‌మిన్నోలు గ్రీన్ నదిలో తగ్గుతున్నాయని లెక్కలు చెబుతున్నాయి. వదిలిన బోనీటెయిల్స్ బతకడమే కష్టంగా ఉంది. రేజర్‌బ్యాక్ సక్కర్ పరిస్థితి మాత్రం వింతగా ఉంటుంది. దీన్ని అర్థం చేసుకోకుండా చేపల లెక్కను అర్థం చేసుకున్నట్టు కాదు.

హ్యాచరీల్లో పెంచి ట్యాగ్ వేసి వదిలిన రేజర్‌బ్యాక్‌లు నదిలో బాగానే బతుకుతున్నాయి. పెద్దవి చాలానే ఉన్నాయి. గుడ్లు పెడుతున్నాయి. లార్వాలు పుడుతున్నాయి. ఆ లార్వాలు పెరిగి పెద్దవి కావడమే చాలా అరుదు. పెద్ద చేపల సంఖ్యొక్కటే చూస్తే ఇది కోలుకున్న చేపే. హ్యాచరీ లారీ ఆగిన రోజు నుంచి మాత్రం అది మళ్లీ తరగడం మొదలవుతుంది. అందుకే లార్వా, ఆ ఏటి పిల్ల, పెద్ద చేప అని మూడు దశల్లోనూ లెక్క కావాలి. ట్యాగ్ లేని పెద్ద రేజర్‌బ్యాక్ దొరికితే బృందాలు సంబరపడేది అందుకే. అది నదిలోనే పుట్టి పెరిగిన చేప కావచ్చు.

లార్వాల లెక్క మిగతావాటి కన్నా వేరు. రాత్రిపూట ఒడ్డు వెంబడి నీళ్లలో దీపపు ఉచ్చులు పెడతారు. సెంటీమీటరు పొడవున్న, దాదాపు పారదర్శకంగా ఉండే లార్వాలు వెలుగు దగ్గరికి వచ్చి లోపల చిక్కుతాయి. అదే నీళ్లలో ఇంకో రెండు రకాల సక్కర్ల లార్వాలు కూడా ఉంటాయి. మామూలు కంటికి మూడూ ఒకటే. వాటిని కొలరాడో స్టేట్ యూనివర్సిటీలోని లార్వల్ ఫిష్ లాబొరేటరీకి పంపితే, అక్కడివాళ్లు మైక్రోస్కోప్ కింద రంగు చుక్కల వరుసలు, రెక్కల తీరు చూసి వేరుచేస్తారు. ఈ నైపుణ్యం కొద్దిమందికే ఉంటుంది. ఇన్ని శాఖల పని కొన్నిసార్లు ఒకే ల్యాబ్‌లో ఒకే బల్ల మీద వచ్చి ఆగుతుంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అక్కడ అనుభవమున్న మనిషి రిటైరైతే ఆ చోటు వెంటనే నిండదు.

రేజర్‌బ్యాక్‌లు ఎందుకు పెరగడం లేదో ఈ లెక్కలే చూపించాయి. ఏళ్ల తరబడి ఫ్లేమింగ్ గార్జ్ నుంచి వసంతపు నీళ్లను యాంపా నది వరదతో కలిసేలా వదిలేవారు. ఉద్దేశం మంచిదే. వరద నీళ్లు కట్టలు దాటి పల్లపు మడుగుల్లోకి ఎక్కుతాయి, లార్వాలు వాటితో పాటు వెళ్లి వెచ్చటి నీళ్లలో తిండి తిని పెరుగుతాయి. కానీ చాలా ఏళ్లు నీళ్లు మడుగుల్లోకి ఎక్కే సమయానికి నదిలో లార్వాలు ఇంకా పుట్టనేలేదు. లార్వాలు వచ్చేసరికి నీళ్లు తగ్గిపోయేవి. నీళ్లూ ఉన్నాయి, పిల్లలూ ఉన్నాయి, రెండూ ఒకే రోజున కలవడం లేదు.

2012 నుంచి పద్ధతి మార్చారు. క్యాలెండర్ చూసి కాక, దీపపు ఉచ్చులో మొదటి రేజర్‌బ్యాక్ లార్వా కనిపించాక డ్యామ్ నుంచి నీళ్లు పెంచుతున్నారు. ఇందులో ఎంతమంది చేతులు కలవాలో చూడండి. వర్నల్ పరిసరాల్లో రాత్రి ఉచ్చులు పెట్టేది ఒక బృందం. వచ్చింది రేజర్‌బ్యాకేనని నిర్ధారించేది ల్యాబ్. గేట్లు ఎత్తాల్సింది బ్యూరో ఆఫ్ రిక్లమేషన్. ఆ రోజుల్లో కరెంటు ఉత్పత్తి లెక్కలు సర్దుకోవాల్సింది వెస్టర్న్ ఏరియా పవర్. దిగువన జెన్సన్ ఊరి దగ్గర స్టూవర్ట్ లేక్ మడుగు తలుపులు తెరవాల్సింది రాష్ట్ర శాఖ. మడుగు ముఖద్వారానికి జాలి కట్టి, పిల్లల్ని తినే పెద్ద చేపలు రాకుండా చూడాలి. కబురు రెండు మూడు రోజులు ఎక్కడ ఆగినా ఆ ఏటి పిల్లలు చేజారినట్టే. ఒక సెంటీమీటరు లార్వా కోసం అంత పెద్ద డ్యామ్ ఎదురుచూడటం గురించి చదివిన ప్రతిసారీ నా మనసు నిండుతుంది.

2013లో స్టూవర్ట్ లేక్ నీళ్లను తిరిగి నదిలోకి వదిలేటప్పుడు, ఆ వసంతంలో పుట్టిన రేజర్‌బ్యాక్ పిల్లలు వేసవంతా బతికి బయటికి రావడం కనిపించింది. చాలా దశాబ్దాలుగా చూడని దృశ్యం అది. అప్పటి నుంచి మడుగు ఖాళీ చేసే ప్రతిసారీ మనుషులు కాలువ దగ్గర నిలబడి, బయటికొచ్చే ప్రతి చేపనూ చేతిలోకి తీసుకుని చూస్తారు. బయటి జాతుల్ని తీసేస్తారు. రేజర్‌బ్యాక్ పిల్లల్లో కాస్త ఎదిగినవాటికి ట్యాగ్ వేసి, నంబరు స్ట్రీమ్స్‌లో ఎక్కించి, గ్రీన్ నదిలోకి వదులుతారు. ఆ పిల్ల గుడ్లు పెట్టే వయసుకు రావాలంటే ఇంకా కొన్నేళ్లు పడుతుంది. ఈలోగా అది ఏ లోయలోకి వెళుతుందో, ఏ రాష్ట్రపు పడవకు చిక్కుతుందో, ఏ యాంటెన్నా మీదుగా ఈదుతుందో ఎవరూ చెప్పలేరు. ఎక్కడ తేలినా ఆ నంబరును చదవగలిగే స్కానర్ ఆ పడవలో ఉండాలి.